కమ్యూనిటీ కాలేజీలో 60 యూనిట్లు అయిపోతే యూనివర్సిటీలో నేరుగా మూడో సంవత్సరమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటారు. మీ బాబు దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో, అంటే డిగ్రీ మొదటి రెండేళ్ళ చదువు చెప్పే కాలేజీలో, ఒక ఏడాది చదివి 31 యూనిట్లు (కోర్సులకిచ్చే క్రెడిట్ల కొలత) పూర్తి చేశాడు. కంప్యూటర్ సైన్స్ కోసం యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్ దేనికైనా, లేదా శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీకి మారాలనుకుంటున్నాడు. "60 యూనిట్లుంటే చాలు, మూడో సంవత్సరంలో కూర్చోబెడతారు" అని తెలిసినవాళ్ళు చెప్పారు. కానీ మీ బావగారి అబ్బాయి 68 యూనిట్లతో వెళ్తే డిగ్రీకి ఇంకా మూడేళ్ళు పడుతుందన్నారట. అతని క్రెడిట్లు పోయినట్టేనా, మీ బాబుకూ అదే గతి పడుతుందా అని మీ టెన్షన్.

పోలేదండీ. ఆ 68లో చాలావరకు అతని ఖాతాలోనే ఉండి ఉంటాయి. బస్సెక్కడం వేరు, సీటు దొరకడం వేరు. మన క్రెడిట్‌ను యూనివర్సిటీ తీసుకుంటే బస్సెక్కినట్టు. ఆ క్రెడిట్ డిగ్రీలో ఫలానా సబ్జెక్టు బదులు చెల్లితే సీటు దొరికినట్టు. నేను బే ఏరియాలో ఒక కమ్యూనిటీ కాలేజీ ట్రాన్స్‌ఫర్ సెంటర్‌లో పదమూడేళ్ళు పనిచేశాను. నా బల్ల ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్లల్లో బస్సు తప్పిపోయినవాళ్ళు తక్కువే. ఎక్కువమంది నిలబడి ప్రయాణం చేస్తున్నవాళ్ళే.

కాలిఫోర్నియాలో ప్రతి కోర్సూ మూడు జల్లెళ్ళలోంచి పోవాలి. మొదటిది, అసలు ఆ కోర్సు యూనివర్సిటీ స్థాయిదేనా అన్నది. ఇక్కడే యూసీకీ సీఎస్‌యూకీ తేడా ఉంది. సీఎస్‌యూ అంటే శాన్ హోసే స్టేట్, ఈస్ట్ బే లాంటి స్టేట్ యూనివర్సిటీలు. సీఎస్‌యూకు వెళ్ళే కోర్సు ఏదో కమ్యూనిటీ కాలేజీయే చెప్పుకోవచ్చు. యూసీ మాత్రం ప్రతి కాలేజీ జాబితానూ తనే చూసి ఒప్పుకోవాలి. అందుకే ఉద్యోగానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ కోర్సులు, కొన్ని వెబ్ డిజైన్ కోర్సులు సీఎస్‌యూకు పోతాయి గానీ యూసీ గుమ్మం దాటవు. బ్యాడ్మింటన్, యోగా లాంటి ఆటల కోర్సులు ఎన్ని చేసినా యూసీ మొత్తం మీద 4 సెమిస్టర్ యూనిట్లకు మించి ఇవ్వదు. మన పిల్లల ట్రాన్స్‌క్రిప్ట్‌లలో బ్యాడ్మింటన్ ఎంత కనిపిస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

రెండోది జనరల్ ఎడ్యుకేషన్. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, చరిత్ర, ఎత్నిక్ స్టడీస్, ఉపన్యాసం, ఇవన్నీ కలిపి ఒక ప్యాకేజీ. దీన్ని ఇదివరకు ఐగెట్‌సీ అనేవారు. 2025 ఫాల్ (ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే టర్మ్) నుంచి కొత్తగా చేరేవాళ్ళకు యూసీకీ సీఎస్‌యూకీ కలిపి ఒకటే పద్ధతి, కాల్-గెట్‌సీ. 11 కోర్సులు, 34 సెమిస్టర్ యూనిట్లు. మీ బాబు అంతకుముందే చేరి ఉంటే పాత పద్ధతిలోనే పూర్తి చేసే హక్కు ఉండొచ్చు, కౌన్సెలర్‌ను అడిగి తేల్చుకోండి. ఇందులో లెక్కకొచ్చే ప్రతి కోర్సులోనూ సీ గ్రేడైనా రావాలి. సీ మైనస్ చెల్లదు.

మూడోదే అసలైనది. మేజర్‌లో, అంటే డిగ్రీలోని ప్రధాన సబ్జెక్టులో, చేరడానికి ముందే పూర్తి చేసుకోవలసిన కోర్సులు. కంప్యూటర్ సైన్స్‌కైతే కాల్కులస్, లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, చాలాచోట్ల ఫిజిక్స్ కూడా. ఒక్కో క్యాంపస్‌కు ఒక్కో జాబితా. ఈ జల్లెడలో నిలవని కోర్సుకు యూనిట్లు ఉంటాయి, గ్రేడు ఉంటుంది, డిగ్రీలో స్థానం మాత్రం ఉండదు. "ఎలెక్టివ్" అని రాసి ఒక మూలన పెడతారు.

ఇప్పుడు మీ బావగారి అబ్బాయి సంగతి. అతని ట్రాన్స్‌క్రిప్ట్ నేను చూడలేదు. ఇలాంటివి మాత్రం వందల్లో చూశాను కాబట్టి లెక్క కట్టి చెబుతాను. కాల్కులస్ 1తో కలిపి జనరల్ ఎడ్యుకేషన్ 34. ప్రీకాల్కులస్ 5, కాల్కులస్ 2 ఇంకో 5. ఆసక్తి కొద్దీ చేసిన ఎకనామిక్స్, సైకాలజీ 9. బిజినెస్ కోర్సులు 6. పైథాన్ మొదటి కోర్సు 4. వెబ్ డిజైన్ 3. బ్యాడ్మింటన్ 2. మొత్తం 68. మొదటి జల్లెడలో వెబ్ డిజైన్ తప్ప దాదాపు అన్నీ నిలుస్తాయి. రెండో జల్లెడలో 34 దర్జాగా నిలుస్తాయి. మూడోదాంట్లో? రెండు కాల్కులస్‌లు, మహా అయితే ఆ పైథాన్. ప్రీకాల్కులస్‌కు యూనిట్లు ఇస్తారు గానీ, ఇంజినీరింగ్ వైపు ఏ మేజరూ దాన్ని లెక్కించదు.

యూనివర్సిటీలో మూడో సంవత్సరం కోర్సులు, అంటే ఆల్గరిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ లాంటివి తీసుకోవాలంటే ముందు డేటా స్ట్రక్చర్స్ కావాలి. దానికి ముందు రెండో ప్రోగ్రామింగ్ కోర్సు కావాలి. పక్కనే డిస్క్రీట్ మ్యాథ్స్ కావాలి. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి నడవాల్సినవే, ఒకే సెమిస్టర్‌లో కుక్కేయలేం. అందుకని పేరుకు జూనియర్ (మూడో సంవత్సరం విద్యార్థి) అయినా మేజర్‌లో అతను మొదటి ఏడాది చివర్లో ఉన్నట్టే. మూడేళ్ళన్నది అక్కడినుంచి వచ్చింది. "60కి 60 కలిపితే 120, డిగ్రీ అయిపోయింది" అనుకోవడానికి డిగ్రీ ధాన్యం రాశి కాదు కదా, కొలిచి పోసుకోవడానికి.

కాబట్టి మీ బాబుకు మొదటి పని. అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే సైట్ తెరవండి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలకూ యూసీ, సీఎస్‌యూలకూ మధ్య ఏ కోర్సు దేనికి సమానమో అధికారికంగా ఉండేది అక్కడే. చదువుతున్న కాలేజీ, వెళ్ళాలనుకునే క్యాంపస్, మేజర్ ఎంచుకుంటే ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు మీ కాలేజీ కోర్సు కనబడతాయి. కుడివైపు "సమానమైన కోర్సు లేదు" అని ఉంటే కంగారు పడకండి, ఆ ఒక్కటి యూనివర్సిటీకి వెళ్ళాక చేస్తాడు. కొన్నిచోట్ల రెండు కోర్సులను "అండ్" అని ముడి వేసి ఉంటారు. అంటే రెండూ చేస్తేనే చెల్లుతుంది, ఒకటి చేసి ఊరుకుంటే ఏమీ రాదు. ఈ "అండ్" చూడక దెబ్బతిన్నవాళ్ళు ఎంతమందో. కనీసం మూడు క్యాంపస్‌ల జాబితాలు ప్రింట్ తీసి, మూడింటిలోనూ ఉన్న కోర్సులను ముందు పూర్తి చేయమనండి. ఒక్క క్యాంపస్‌ను నమ్ముకుని కోర్సులు ఎంచుకోవడం కంప్యూటర్ సైన్స్‌లో జూదమే.

స్నేహితుల మాట, వాట్సాప్ గ్రూపుల మాట, ఆఖరికి నా మాట కూడా ఆ సైట్ తర్వాతే.

ఇక సెమిస్టర్, క్వార్టర్ గొడవ. చదువుల ఏడాదిని రెండు భాగాలు చేస్తే సెమిస్టర్లు, మూడు చేస్తే క్వార్టర్లు. మీ ప్రాంతంలో ఇది ఇంకా పెద్ద గొడవ. ఫ్రీమాంట్‌లోని ఓలోన్ సెమిస్టర్ కాలేజీ. అరగంట దూరంలోని డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ కాలేజీలు. ఒక సెమిస్టర్ యూనిట్ ఒకటిన్నర క్వార్టర్ యూనిట్లకు సమానం. 60 యూనిట్లు అన్న మాట సెమిస్టర్ లెక్క. డి ఆంజాలో చదివే పిల్లాడికి కావలసింది 90. అక్కడ 60 పూర్తి చేసి "అయిపోయింది" అనుకుంటే చేతిలో ఉన్నవి 40 మాత్రమే.

యూనిట్ల కన్నా ప్రమాదం, కోర్సుల వరస మధ్యలో కాలేజీ మారడం. డి ఆంజాలో కాల్కులస్ 1ఏ, 1బీ, 1సీ, 1డీ అని నాలుగు భాగాలు, ఒక్కోటి 5 క్వార్టర్ యూనిట్లు. అదే పాఠం సెమిస్టర్ కాలేజీలో మూడు కోర్సులు. ఎక్కడ కోశారో అక్కడ అతుకు కుదరదు. మా పెద్దమ్మాయి సరిగ్గా ఇదే చేసింది. ఒక క్వార్టర్ కాలేజీలో రెండు భాగాలు చేసి, పార్ట్‌టైమ్ ఉద్యోగం వేళలు కుదురుతాయని సెమిస్టర్ కాలేజీకి మారి అక్కడ కాల్కులస్ 2 తీసుకుంది. సగం పాఠం మళ్ళీ చదివింది. యూనివర్సిటీ వాళ్ళు చూసి, రెండూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయని కొన్ని యూనిట్లు కోసేశారు. వరస పూర్తయినట్టు ఒప్పుకోవడానికి సిలబస్ తెచ్చి చూపించమన్నారు. ఆమె దగ్గర సిలబస్ లేదు. ఆ టీచరు రిటైర్ అయిపోయారు. ఇదంతా తేలేసరికి ఒక క్వార్టర్ గడిచిపోయింది. నేనేమో అదే పని చేసే ఆఫీసులో కూర్చుని ఊళ్ళోవాళ్ళ పిల్లలకు సలహాలు చెబుతున్నాను. దీపం కింద చీకటి అంటే ఇదే. అప్పటినుంచి ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట, చేసిన ప్రతి కోర్సు సిలబస్‌నూ ఆ సెమిస్టర్‌లోనే డౌన్‌లోడ్ చేసి దాచుకోమని. కాల్కులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ లాంటి వరసలు మొదలుపెట్టిన కాలేజీలోనే ముగించమని.

ఎక్కువ యూనిట్లు చేస్తే ఇంకా త్వరగా అయిపోతుందా అని కూడా అడిగారు. లేదు. కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీ గానీ సీఎస్‌యూ గానీ యూనిట్లుగా తీసుకునేది 70 సెమిస్టర్ యూనిట్ల వరకే. 90 చేసినా 70కే లెక్క. అయితే యూసీ విషయంలో మిగతా కోర్సులు గాలికి పోవు. యూనిట్లు రావు గానీ, సబ్జెక్టు పూర్తయినట్టు ఒప్పుకుంటారు. డెబ్బై ఒకటో యూనిట్‌గా చేసిన లీనియర్ ఆల్జీబ్రాను మళ్ళీ చేయక్కర్లేదు. కాబట్టి 70 దాటుతోందని భయపడి మేజర్ కోర్సు వదిలేయకండి. వదలాల్సింది ఇంకో ఎలెక్టివ్‌ను. ఇంకో సంగతి, కమ్యూనిటీ కాలేజీలో ఎంత కష్టమైన కోర్సు చేసినా అది మొదటి రెండేళ్ళ స్థాయి కిందే వస్తుంది. డిగ్రీకి కావలసిన పైస్థాయి యూనిట్లు, సీఎస్‌యూలో అవి 40, యూనివర్సిటీకి వెళ్ళాకే చేయాలి.

హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) పరీక్షలు రాసి ఉంటే ఆ స్కోర్లు కాలేజీకీ, తర్వాత యూనివర్సిటీకీ విడివిడిగా కాలేజ్ బోర్డ్ నుంచే పంపించాలి. కమ్యూనిటీ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద కనిపించినంత మాత్రాన సరిపోదు. ఏపీ కాల్కులస్‌లో మంచి స్కోరు ఉండి, మళ్ళీ కాలేజీలో అదే కాల్కులస్ చేస్తే రెండింటికీ క్రెడిట్ రాదు, ఒకదానికే. హైస్కూల్లో ఉండగా సరదాకి చేసిన కాలేజీ కోర్సుల గ్రేడ్లు కూడా శాశ్వతంగా ఉంటాయి. వాటిని దాచకూడదు. ఎక్కడెక్కడ చదివాడో అన్నీ అప్లికేషన్‌లో చూపించాల్సిందే. పదకొండో తరగతిలో చేరి మధ్యలో వదిలేసిన ఒక్క కోర్సు దాచినందుకు వచ్చిన అడ్మిషన్ రద్దయిన కేసు నేను చూశాను.

గ్రేడ్ల మీద రెండు మాటలు. అడ్మిషన్ కోసం యూసీ చూసే జీపీఏ, యూసీకి చెల్లే కోర్సులతో మాత్రమే కడతారు. కాలిఫోర్నియా వాళ్ళకు కనీసం 2.4 అంటారు గానీ కంప్యూటర్ సైన్స్‌కు ఆ అంకె మర్చిపోండి, పోటీ దానికి ఎంతో పైన ఉంటుంది. చేరాక యూసీలో జీపీఏ మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఇక్కడి 3.9 అక్కడి మొదటి క్వార్టర్‌ను కాపాడదు. పాస్/నో పాస్ పద్ధతిలో చేసినవి 14 సెమిస్టర్ యూనిట్లకు మించి యూసీ లెక్కించదు. మేజర్ కోర్సులకైతే ఆ పద్ధతి జోలికే పోవద్దు. సీ వచ్చిన కోర్సును గ్రేడు పెంచుకోవడానికి మళ్ళీ చేద్దామంటే కమ్యూనిటీ కాలేజీ ఒప్పుకోదు.

గ్యారంటీ అడ్మిషన్ల గురించి చాలా ఊహలు ప్రచారంలో ఉన్నాయి. టాగ్ అనే యూసీ గ్యారంటీ ఆరు క్యాంపస్‌లకే ఉంది. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. బర్కిలీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియేగో ఇవ్వవు. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, అదీ సెప్టెంబరు నెలలోనే. పైగా క్యాంపస్‌కు టాగ్ ఉన్నా అన్ని మేజర్లకూ ఉండదు. శాంటా బార్బరాలో ఇంజినీరింగ్ కాలేజీకి లేదు. మీ బాబు మేజర్‌కు ఆ ఏడాది ఎక్కడ తెరిచి ఉందో యూసీ పట్టిక చూడకుండా ఆశ పెట్టుకోకండి. సీఎస్‌యూ వైపు ఏడీటీ అని ఉంది. 2010లో వచ్చిన చట్టం ప్రకారం కమ్యూనిటీ కాలేజీలో 60 యూనిట్ల ప్రత్యేక అసోసియేట్ డిగ్రీ చేస్తే, సీఎస్‌యూలో అదే తరహా మేజర్‌లో ఇంకో 60తో పూర్తవుతుంది. నా ఉద్దేశంలో "రెండేళ్ళు ప్లస్ రెండేళ్ళు" అన్న మాట నిజంగా నిలబడేది ఇందులోనే. అయితే సీఎస్‌యూలో ఏదో ఒకచోట సీటు గ్యారంటీ గానీ, శాన్ హోసేలోనే అని కాదు. శాన్ హోసేలో అన్ని మేజర్లకూ రద్దీయే.

మీ బాబుకు టైమ్ ఎక్కువ లేదు. వచ్చే ఏడాది ఫాల్‌లో చేరాలంటే ఈ ఏడాది నవంబరు నెలాఖరుకల్లా అప్లికేషన్ పడాలి. ఆ 60 యూనిట్లు వచ్చే స్ప్రింగ్ చివరికి పూర్తవ్వాలి, వేసవికి వాయిదా వేయకూడదు. మిగిలిన 29 యూనిట్లలో డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ పడుతున్నాయా లేదా ఈ వారమే చూడండి. జనరల్ ఎడ్యుకేషన్‌లో ఇంగ్లీషు, లెక్కలు, ఉపన్యాసం తప్ప ఒకటి రెండు మిగిలినా తర్వాత చేసుకోవచ్చు. మేజర్ వరస మిగిలితే మీ బావగారి అబ్బాయి కథే.

ఇదే ప్రశ్నను ఇండియాలో రెండేళ్ళు బీటెక్ చదివి ఇక్కడికి వచ్చిన పిల్లలు కూడా అడుగుతారు. వాళ్ళకు వేరే చిక్కు. ఆ క్రెడిట్లకు కమ్యూనిటీ కాలేజీ లెక్క వేరు, యూనివర్సిటీ లెక్క వేరు. 70 యూనిట్ల హద్దు కమ్యూనిటీ కాలేజీ యూనిట్లకే. నాలుగేళ్ళ కాలేజీ యూనిట్లు దానికి తోడైతే మొత్తం బాగా పెరిగిపోయి, "యూనిట్లు మరీ ఎక్కువ" అని కొన్ని యూసీ క్యాంపస్‌లు అప్లికేషనే తిప్పి పంపొచ్చు. బీటెక్ మార్కుల మెమోలను పక్కన పడేసి కొత్తగా మొదలుపెడదామంటే కుదరదు, అవీ చూపించాలి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్ళు ప్రతి సెమిస్టర్ 12 యూనిట్లు నిలబెట్టుకోవాలి. అందులో ఆన్‌లైన్ కోర్సులు ఎన్ని ఉన్నా ఒక్కటే లెక్కకొస్తుంది. హెచ్-4 పిల్లలకు, అంటే హెచ్-1బీ ఉద్యోగుల మీద ఆధారపడి వచ్చినవాళ్ళకు, 21 ఏళ్ళు నిండితే ఆ వీసా చెల్లదు కాబట్టి ఆ తేదీని కోర్సుల ప్లాన్ పక్కనే రాసిపెట్టుకోండి. వీసా మారితే స్థానికులకిచ్చే ఫీజు అలాగే ఉంటుందో లేదో కాలేజీలో ముందే రాతపూర్వకంగా అడగండి. ఇక్కడ స్థానికులకు యూనిట్‌కు 46 డాలర్లు. స్థానికేతరులకు దానికి ఎన్నో రెట్లు.

డల్లాస్ వైపు ఉన్న మనవాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క ముక్క. టెక్సాస్‌లో 42 క్రెడిట్ గంటల కోర్ (అక్కడి జనరల్ ఎడ్యుకేషన్) పూర్తి చేస్తే ప్రభుత్వ యూనివర్సిటీ దాన్ని మొత్తంగా తీసుకోవాలి. కోర్సు నంబర్లు కూడా రాష్ట్రమంతా ఒకటే. కాల్కులస్ 1 అంటే మ్యాథ్ 2413, అందులో రెండో అంకె క్రెడిట్ గంటలు. కానీ అక్కడా మేజర్ జల్లెడ వేరే. ఏ రాష్ట్రంలోనైనా "అప్లైడ్" అన్న మాట ఉన్న అసోసియేట్ డిగ్రీలో చేరేముందు ఒకటికి రెండుసార్లు అడగండి. అవి ఎక్కువగా ఉద్యోగం కోసం కట్టినవి. 2017లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ లెక్క కట్టి, 2004 నుంచి 2009 మధ్య కాలేజీ మారినవాళ్ళు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అంచనా వేసింది. అన్ని రకాల కాలేజీల మధ్య మారినవాళ్ళూ ఉన్న లెక్క అది. ఆ లెక్కన అసిస్ట్ చూసి నడిచే కాలిఫోర్నియా పిల్లాడు అదృష్టవంతుడే.

సీటు వచ్చాక చేసే పొరపాటు ఒకటుంది. కాల్-గెట్‌సీ పూర్తయిందని కాలేజీ తనంతట తాను యూనివర్సిటీకి చెప్పదు, సర్టిఫికేషన్ కావాలని మీ బాబే అడగాలి. ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్‌లు జులై 1కల్లా యూసీకి చేరాలి. చదివిన ప్రతి కాలేజీ నుంచీ విడిగా.

మీ బావగారి అబ్బాయికి కూడా దారి లేకపోలేదు. ఏ కోర్సు డిగ్రీలో దేనికి చెల్లిందో చూపే డిగ్రీ ఆడిట్ రిపోర్టు తీసి, "ఎలెక్టివ్" కింద పడ్డ కోర్సుల్లో మేజర్‌కు దగ్గరగా ఉన్నవి ఏవో చూడమనండి. ఆ పైథాన్ కోర్సు లాంటిది ఉంటే సిలబస్, హోంవర్కులు, పరీక్ష పేపర్లు జతచేసి డిపార్ట్‌మెంట్‌కు పిటిషన్ పెట్టమనండి. అడ్మిషన్ ఆఫీసు చుట్టూ తిరగొద్దు, సమానం అని తేల్చేది డిపార్ట్‌మెంటే. మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు ఒక్కటి మినహాయించినా వరసలో ఒక మెట్టు ముందుకు జరుగుతాడు. మిగిలిన డిస్క్రీట్ మ్యాథ్స్‌ను వేసవిలో మళ్ళీ కమ్యూనిటీ కాలేజీలోనే చేయొచ్చేమో, చేరిన యూనివర్సిటీలో అడ్వైజర్‌ను ముందుగా ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబు దాచుకోమనండి.